కిటికీ కాడి జాగా

సాల్మన్ ఆ శనివారం ఆఫీసుకు సెలవు పెట్టాడు. ఒంట్లో బాగాలేక కాదు, చుట్టాలింట్లో పెళ్లి ఉండీ కాదు. ఆ రోజు ఇంటికి బల్ల వస్తున్నది.

నల్లగొండ కరెంటాఫీసులో బిల్లుల సెక్షన్లో గుమాస్తాగా చేసే సాల్మన్‌కు పాత చేతి గడియారాల పిచ్చి. కీ ఇస్తే నడిచే రకం. ఎక్కడెక్కడి నుంచో కొనుక్కొస్తాడు, విప్పుతాడు, తుడుస్తాడు, నూనె తాకీ తాకనట్టు తాకించి మళ్లీ కూరుస్తాడు. ఇన్నాళ్లూ ఆ పనంతా మంచం మీద స్టీలు పళ్లెం పెట్టుకుని చేశాడు. దుప్పటి మడతల్లోకి పోయి మళ్లీ కనబడని మరలెన్నో. అందుకే ఈ బల్ల. మనిషి కూర్చుంటే ఛాతీ ఎత్తుకు రావాలి, మెడ వంచే పని లేకుండా. జారిన మర కింద పడకుండా అంచుల వెంట సన్నటి పట్టీ ఉండాలి. పైన తెల్లగా ఉండాలి. ఫోన్లో వీడియోలు చూసి, కాగితం మీద గీసి, వడ్రంగి సోమన్న ప్రాణాలు తోడి మరీ చేయించాడు.

"గింత ఎత్తు బల్ల మీద అన్నం దింటే గడ్డానికి అంటుతది సారూ" అని నవ్వాడు సోమన్న, బల్లను హాల్లో దించుతూ. "యాడ ఎయ్యాలె మరి?"

సాల్మన్ కిటికీ వైపు చూశాడు. వాచీ పనికి ఉత్తరం వెలుగు కావాలి. ఎండ సూటిగా పడకూడదు, నీడ కదలకూడదు. ఆ రెండు గదుల ఇంట్లో ఉత్తరానికి ఉన్న కిటికీ ఒక్కటే. దాని కింద అతని భార్య మెర్సీ కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతున్నది.

"మెర్సీ, జర మిషిని మూలకు మిద్దె మెట్ల కిందికి జరుపుదమా?"

మెర్సీ కాలు ఆపలేదు. కుట్టు చివరిదాకా వెళ్లాక పళ్లతో దారం తెంపి తలెత్తింది. "మెట్ల కిందనా?"

"ఆడ జాగ ఊకెనే ఉన్నది గద. బల్బు వెట్టిస్త. నీదేముంది, యాడ కూసున్నా కుట్టొచ్చు. నాది గట్ల కాదు, సన్న పని."

సన్న పని అన్న మాట వినేటప్పటికి మెర్సీ చేతిలో ఉన్నది పట్టు జాకెట్టు. దాని మెడ చుట్టూ ఆమె వేసిన చేతికుట్టు పైకి కనబడనంత సన్నగా ఉంది. సాల్మన్ దాన్ని చూడలేదు. చూసి ఉంటే మాత్రం ఏం గుర్తుపట్టేవాడు, అతని కళ్లు అప్పటికే బల్ల మీద ఉన్నాయి.

మెర్సీ లేచింది. కిటికీ చువ్వలకు వేలాడుతున్న కొలత జాకెట్లను ఒక్కొక్కటిగా తీసి, ఎవరిది ఎవరిదో కలవకుండా మడిచి చేతి మీద వేసుకుంది. దారం రీళ్లను బుట్టలోకి ఎత్తింది. సోమన్నా సాల్మనూ చెరో పక్క పట్టి ఇనుప కాళ్ల మిషనును మెట్ల కిందికి ఈడ్చారు. ఆమె ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాడు సాల్మన్. పెళ్లయిన మగవాళ్లకు ఇట్లా అనుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

సాయంత్రానికల్లా బల్ల మీద అన్నీ అమిరాయి. కంటికి తగిలించుకునే భూతద్దం, వరుసలో స్క్రూడ్రైవర్లు, మరలు ఏరే సన్నటి చిమ్టాలు, విప్పిన భాగాల మీద దుమ్ము పడకుండా బోర్లించే గాజు గిన్నె. గోడకు అద్దాల పెట్టె, అందులో ఇన్నేళ్ల గడియారాలు. అన్నిటికీ కీ ఇచ్చి, పక్కపక్కన పెట్టి, ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. అంతలో చువ్వల మధ్య నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి, ఒక చీరను దభీమని భూతద్దం మీద పడేసింది.

"మెర్సీ, ఫాల్ కుట్టి పెట్టు బిడ్డా. రేపొచ్చి తీస్కపోత" అన్నది పక్కింటి బిక్షమ్మ బయటి నుంచి. తర్వాత లోపలికి తొంగి చూసింది. "అయ్యో, నువ్వా సాల్మనూ! గీడ నువ్వెందుకున్నవ్?"

సాల్మన్‌కు నవ్వు రాలేదు. మరునాడు పొద్దున్నే కిటికీ కింది రెక్కలు మూసి గొళ్లెం పెట్టాడు. పై రెక్కల్లోంచి వెలుగు అతనికి చాలినంత వస్తుంది.

ఆదివారం ప్రార్థన ముగిసి ఇంటికి వచ్చేసరికి వీరేశం గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. మహబూబ్‌నగర్లో బ్యాంకు ఉద్యోగం. ఫోన్లో పాత గడియారాల వాళ్లంతా కలిసి పెట్టుకున్న గ్రూపులో పరిచయం. సాల్మన్ పెట్టిన బల్ల ఫోటో చూసి ఉండబట్టలేక బస్సెక్కాడు.

"ఏమున్నదే అన్నా!" అంటూ బల్ల చుట్టూ తిరిగాడు వీరేశం. అంచు పట్టీని వేలితో తడిమాడు. కుర్చీలో కూర్చుని మోచేతులు బల్ల మీద ఆనించి చూసుకున్నాడు. "నేను మా ఇంట్ల ఇంచు జాగకు కొట్లాడుతున్న. ఫ్రిజ్జు మీద వెట్టుకుంట నా సామాను. నీకు గింత మంచి జాగ యాడ దొరికె? ఇంతకు ముంగట గీడ ఏముండె?"

"ఏముండె, ఏం లేకుండె" అన్నాడు సాల్మన్, ఒక గడియారం వెనక మూత తీస్తూ. "ఖాళీ జాగనే."

అబద్ధం ఆడాలని అనలేదు. అసలు ఆలోచించి అన్న మాటే కాదు. అన్నాక వెనక కప్పూసాసర్ల చప్పుడు వినిపించి తిరిగి చూశాడు. మెర్సీ టీ పళ్లెంతో నిలబడి ఉంది. అతని ముఖం వైపు చూడలేదు. అతని భుజం మీదుగా కిటికీని చూసింది. టీ చుక్క బల్ల మీద పడుతుందని అతను నిన్నటి నుంచి గొణుగుతున్నాడు కాబట్టి, కప్పులు రెండూ జాగ్రత్తగా స్టూలు మీద పెట్టింది.

"తాగండ్రి అన్నా. సల్లగయితది" అని వీరేశానికి చెప్పి లోపలికి వెళ్లింది.

సాల్మన్ చెవులు వేడెక్కాయి. వెనక్కి పిలిచి సర్దిచెప్పాలనిపించింది. చెప్తే వీరేశం ముందు సంగతంతా విప్పాల్సి వస్తుంది. భార్య మిషను లేపేసి బల్ల వేసుకున్నవాడని గ్రూపంతా నవ్వుకుంటుంది. అందుకని ఊరుకున్నాడు. వీరేశం సాయంత్రం దాకా ఉండి, వెళ్లేటప్పుడు ఆ బల్లను ఇంకో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకున్నాడు. మెట్ల కింద నుంచి మిషను చప్పుడు వస్తూనే ఉంది, అదేమిటని అతను అడగలేదు.

మెట్ల కింద సాల్మన్ పెట్టించిన బల్బు పసుపు వెలుగుది. మిషను చక్రం నీడ సరిగ్గా సూది కింద పడుతుంది. మెర్సీ తల ఒక పక్కకు వాల్చి, మెడ అట్లాగే పట్టి కుడుతున్నది. ఆఫీసు నుంచి వచ్చిన సాల్మన్ ఆ వంపు రోజూ చూస్తూనే ఉన్నాడు. మెడ వంచకుండా పని చెయ్యడం ఎట్లాగో వడ్రంగికి బొమ్మ గీసి చెప్పినవాడు.

ఆ వారం మధ్యలో ఒక సాయంత్రం మల్లీశ్వరి వచ్చింది. ఆమె అంగన్‌వాడీ టీచరు, మెర్సీకి పాత గిరాకీ. కిటికీ రెక్కలు మూసి ఉండడం చూసి, తలుపు తోసుకుని నేరుగా హాల్లోకి వచ్చింది. చేతిలో జాకెట్టు పరిచి పట్టుకుంది.

"మెర్సక్కా, ఇదేందో నువ్వే సూడు."

నెమలికంఠం రంగు జాకెట్టు. కుట్లన్నీ నల్ల దారంతో ఉన్నాయి. మెట్ల కింద పసుపు వెలుగులో ఆ రెండు రంగులూ ఒక్కటే. హాల్లో వెలుగుకు తెస్తే నల్ల గీతలు చేతుల మీదా వీపు మీదా కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి.

"రేపు మా చెల్లె గృహప్రవేశం. గిది ఏస్కొని ఎట్ల పోవాలె? నీ చేతి కుట్టంటే కండ్లు మూస్కొని ఏస్కుంటమక్కా మేము. కనబడ్తలేదా ఏంది నీకు?"

సాల్మన్ బల్ల ముందే ఉన్నాడు. కంటికి భూతద్దం ఉంది. దాని కింద ఒక చిన్న చక్రం పళ్లు గుమ్మడికాయ చారలంత పెద్దగా కనబడుతున్నాయి. లేచి, నేనే ఆమెను చీకట్లో కూర్చోబెట్టిన అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. భూతద్దం తియ్యకుండా చక్రం వైపే చూస్తూ ఉండిపోయాడు.

"అవునే మల్లీశ్వరీ" అన్నది మెర్సీ. "కండ్లు జర మందగించినయ్ నాకు. తప్పు నాదే. కూసో, కుట్లు ఇప్పి మళ్ల ఏసిస్త."

మల్లీశ్వరి కొంచెం మెత్తబడింది. "అద్దాలు వెట్టించుకోరాదక్కా. గిట్లయితే గిరాకీ యాడికి పోతదో సూడు" అని ఓదార్చినట్టే బెదిరించింది. మెర్సీ ఆ జాకెట్టు తీసుకుని బయట గడప మీద కూర్చుని, పొద్దు పోయేలోగా కుట్టు వెంట కుట్టు బ్లేడుతో తెంపింది. సాల్మన్ చక్రాన్ని దాని స్థానంలో పెట్టబోయాడు. చిమ్టా జారింది. ఎన్నిసార్లు పెట్టినా కూర్చోలేదు.

రాత్రి అన్నాల దగ్గర, నేల చూస్తూ అన్నాడు. "రేపు కండ్ల దవాఖానకు పోదమా?"

"నా కండ్లకేం కాలే" అన్నది మెర్సీ, అతని పళ్లెంలో పప్పు వేస్తూ. "మల్లీశ్వరికి చెప్పిన మాట మల్లీశ్వరికే. నీక్కాదు."

సాల్మన్ పళ్లెం సగంలోనే వదిలి లేచి చెయ్యి కడుక్కున్నాడు. అయినా మరునాడు పొద్దున లేచి బల్ల జరపలేదు. జరిపితే ఒప్పుకున్నట్టవుతుంది. మెట్ల కింద తెల్ల బల్బు పెట్టిద్దామని అనుకుని, ఆ అనుకోవడంతోనే కొంత ఊరట పొందాడు. మనిషి తనను తాను ఎంత చవగ్గా క్షమించుకుంటాడో చెప్పలేం.

రెండో శనివారం సెలవు. మెర్సీ పొద్దున్నే ఎక్కడికో బయలుదేరింది. అడిగితే "పనున్నది" అన్నది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సాల్మన్ మంచి గడియారం ఒకటి విప్పి కూర్చున్నాడు. చివరి మర తీస్తుండగా అది చిమ్టా కొసలోంచి ఎగిరి, సోమన్న అంత ఓపికగా కట్టిన అంచు పట్టీ మీదుగా దూకి కింద పడింది. ఆవగింజలో సగం ఉండదు. అది లేకపోతే ఆ గడియారం లేనట్టే.

మోకాళ్ల మీద కూర్చుని వెతికాడు. ఆ మూల షాబాదు బండల మధ్య సందులు లోతుగా ఉన్నాయి. పాత రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి అలమారలో ఉంది. అది గడియారాలకు పడదు, దగ్గరికొస్తే లోపలి స్ప్రింగు పట్టేసి నడక చెడుతుంది. అందుకని ముందు గడియారాలన్నీ తీసుకెళ్లి లోపలి గదిలో పెట్టొచ్చాడు. తర్వాత అయస్కాంతానికి చేతిరుమాలు చుట్టి బండల మీద మెల్లగా నడిపించాడు.

మొదటిసారి ఎత్తి చూస్తే గుండుపిన్నులు. దులిపి మళ్లీ నడిపించాడు. మళ్లీ గుండుపిన్నులే, వాటితో జాకెట్టు హుక్కులు. సందుల్లోకి పోనిచ్చాడు. విరిగిన సూది ముక్కలు, టిచ్ బటన్లు, తుప్పు పట్టి గోధుమరంగు తిరిగిన పిన్నులు, కొత్తగా మెరిసే పిన్నులు. అయస్కాంతం ఎక్కడ పెట్టినా ముళ్లపంది వీపులాగా లేచి వస్తున్నది. సందుల్లోంచి వాటితో పాటు దారప్పోగులు కూడా వచ్చాయి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఎవరెవరి పెళ్లిళ్ల జాకెట్లవో, ఏ పండుగలవో. బల్ల కాళ్ల పక్కనే బండ మీద నాలుగు చోట్ల గుంటలు పడి ఉన్నాయి. మిషను ఇనుప కాళ్లు ఇన్నేళ్లు ఆనిన చోట్లు.

సాల్మన్ వెతకడం ఆపేశాడు. దోసిలి నిండిన ఆ ముళ్లను చూస్తూ నేల మీద కూలబడ్డాడు.

ఖాళీ జాగనే, అన్నాడు తను. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఒక మనిషి పొద్దంతా కూర్చుని పని చేసిన చోటును, హాస్టల్లో చదువుతున్న తన పిల్లల ఫీజులు కట్టిన చోటును, పరాయి మనిషి ముందు నోటి నిండా ఖాళీ అన్నాడు. తను చేసేది పనట, ఆమె చేసేది ఎక్కడైనా కుట్టుకోవచ్చట. ఇంట్లో ఎవరూ లేకపోయినా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

మర సంగతే మరిచిపోయాడు. లేచి స్క్రూడ్రైవర్లు, చిమ్టాలు గంపలో వేశాడు. అద్దాల పెట్టె దించాడు. బల్లను ఒక్కడే ఈడ్చి లోపలి గదిలో మంచం పక్కన ఇరికించాడు. మిషనును మెట్ల కింద నుంచి, ఒక్కొక్క కాలే జరుపుతూ, తెచ్చి ఆ నాలుగు గుంటల్లో కూర్చోబెట్టాడు. కిటికీ రెక్కలు బార్లా తీశాడు. కొలత జాకెట్లను చువ్వలకు వేలాడదీశాడు. మెర్సీ వాటిని ఏ వరుసలో పెట్టేదో అతనికి తెలియదు.

మధ్యాహ్నం దాటాక మెర్సీ వచ్చింది. గడపలో నిలబడి కిటికీని చూసింది, మిషనును చూసింది. చెప్పులు విప్పింది.

"తప్పయింది మెర్సీ" అన్నాడు సాల్మన్. ఒక స్టీలు డబ్బా మూతలో పోసిన పిన్నులు ఆమె ముందు పెట్టాడు. "గీ సందులల్ల దొరికినయ్. ఇన్ని."

"ఇన్నేండ్లాయె గద" అన్నది ఆమె.

"ఇగ నువ్వు ఈడనే కుట్టుకో. నేను లోపల్నే చేసుకుంట."

మెర్సీ కొంగుముడి విప్పి తాళంచెవి ఒకటి తీసి మిషను మీద పెట్టింది. "పిండి గిర్ని పక్కన అరుణమ్మ కిరాయికిచ్చే దుకాణం మడిగె ఉన్నది. ఖాళీ జాగ ఉన్నదంటే పోయి సూసొచ్చిన. సోమారం నుంచి ఆడ కూసుంటనని మాటిచ్చిన."

"నేను మళ్ల తెచ్చి పెట్టిన గద!"

"తెచ్చినవ్. మంచిగనే తెచ్చినవ్. రేపు ఇంకోటేదన్న కొంటవు, దానికి ఎలుగు కావాలంటవు. మళ్ల లేపుతవు. నేను లేస్త. ఎందుకంటె నాకు నీ లెక్క నోరు రాదు." ఆమె పిన్నుల మూతను పక్కకు జరిపింది. "ఆయనెవరో అడిగితె, ఖాళీగనే ఉండె అంటివి. నేను నీ ఎన్కనే నిలవడ్డ. నన్ను తిట్టినా గంత బాధ కాకపోయేది."

సాల్మన్ చెప్పగలిగినదల్లా అప్పుడే చెప్పేశాడు, అది చాలలేదు.

సోమవారం సాల్మన్ మళ్లీ సెలవు పెట్టాడు. కూరగాయలమ్మే తోపుడుబండి అడిగి తెచ్చి, మిషనును దాని మీదికెక్కించి తాళ్లతో కట్టాడు. మెర్సీ దారాల బుట్ట పట్టుకుని ముందు నడిచింది. అతను వెనక బండి తోశాడు. గల్లీలో అందరూ గడపల్లోంచి చూస్తున్నారు.

"ఏంది సాల్మనూ, మిషిని అమ్ముతున్నవా?" అని అడిగింది బిక్షమ్మ.

"లేదు చిన్నమ్మా. గిర్ని పక్క మడిగెకు."

"ఇంట్ల కిటికీ కాడ మంచిగుండె గద?"

ఎప్పటిలాగే ఒక మాట నోటికి వచ్చింది. గిరాకీ పెరిగింది, జాగ సాలుతలేదు, అనొచ్చు. బిక్షమ్మ నమ్ముతుంది కూడా. ముందు నడుస్తున్న మెర్సీ అడుగు నెమ్మదించింది, తిరిగి చూడలేదు.

"మంచిగుండె. నేనే లేపిన" అన్నాడు సాల్మన్.

బిక్షమ్మ కొంగు సర్దుకుంది. అతను తల వంచి బండి తోశాడు.

మడిగె చిన్నదే. గిర్ని నుంచి పిండి దుమ్ము సన్నగా వచ్చి పడుతున్నది. తలుపు దగ్గర వెలుగు బాగుంది. మెర్సీ అటూ ఇటూ నడిచి, వేలితో నేల మీద చూపించింది. "గీడ." సాల్మన్ అక్కడే పెట్టాడు. కాలు ఎగుడుదిగుడుగా ఉంటే అట్టముక్క మడిచి కింద దూర్చి, మోకాళ్ల మీద ఉండి, మిషను కదలకుండా ఉందో లేదో చేత్తో ఊపి చూశాడు. ఆమె కుర్చీ వేసుకుని దారం ఎక్కించింది.

గుండుపిన్నులు పోసిన డబ్బా మూత ఆమె చేతిలోకి తీసుకుని, ఒక పిన్ను ఎత్తబోతే గుత్తి మొత్తం లేచి వచ్చింది. కత్తెర దగ్గరికి తెస్తే కత్తెరకు అతుక్కున్నాయి.

"గివేంది, ఒక్కదాన్నొకటి ఇడుస్తలెవ్వు?"

"అయస్కాంతం పట్టింది వాటికి. నేను ఇడిపిస్త."

జేబులోంచి ఇత్తడి చిమ్టా తీశాడు. ఇనుపదైతే వాటితో పాటు అదీ అంటుకుంటుంది. గుమ్మం పక్కన వెలుగులో ఉన్న ఒక్కగానొక్క స్టూలు మీద కూర్చుని, మూతను ఒళ్లో పెట్టుకున్నాడు. పిన్ను వెంట పిన్ను విడదీసి, తుప్పువి తీసేసి, మంచివి తన గడియారాల పెట్టెలోంచి తెచ్చిన స్పాంజి ముక్కకు గుచ్చుతూ పోయాడు. మిషను చప్పుడు మొదలైంది. అది విని గిర్ని దగ్గరి ఆడవాళ్లు తొంగి చూశారు.

కాసేపటికి గోధుమల డబ్బా చంకనెత్తుకున్న ముసలామె ఒకామె గుమ్మం ఎక్కింది. గిర్నిలో వరుస పెద్దగా ఉంది, కాళ్లు నొస్తున్నాయి కాబోలు. స్టూలు మీద ఊరికే తల వంచుకుని కూర్చున్న మగమనిషిని చూసింది.

"బిడ్డా, ఆయనను జర లెవ్వమను. నేను కూసుంట. గాయన ఊకెనే కూసున్నడు గద" అన్నది మెర్సీతో.

సాల్మన్ గబుక్కున లేవబోయాడు.

"లేదవ్వా, అది ఖాళీ లేదు" అన్నది మెర్సీ. కాలు ఆపి, తన కుర్చీలోంచి లేచి దాన్ని ముసలామె వైపు జరిపింది. "నువ్వు గీ కుర్సీల కూసో. ఆడ మా ఆయన పని చేస్తుండు."

నిలబడే ఒంటికాలితో మిషను తొక్కడం మొదలుపెట్టింది. సాల్మన్ లేవనూలేదు, సరిగ్గా కూర్చోనూలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగి ఒళ్లోని పిన్నులు అలుక్కుపోయినట్టు కనబడ్డాయి. వాటిలోంచి ఒకటి పట్టుకుందామని చిమ్టా వంచాడు, అందలేదు. మళ్లీ వంచాడు.